పరువు నష్టం చట్టం: తెలుగునాట వ్యక్తి, వ్యాపార ప్రతిష్ఠల రక్షణ

ఒక మనిషిని గానీ సంస్థను గానీ ఉద్దేశించిన నింద మూడో మనిషి చెవిన పడి, నలుగురిలో వారికున్న విలువను తగ్గిస్తే దాన్ని పరువు నష్టం అంటారు. భారతదేశంలో ఇది ఒకే సమయంలో నేరమూ, పౌర తప్పిదమూ. నేరంగా చూసినప్పుడు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వర్తిస్తుంది. అంతకుముందు ఇదే విషయం 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 499 నుంచి 502 వరకు సెక్షన్లలో ఉండేది. పౌర తప్పిదానికి ప్రత్యేక శాసనం ఏదీ లేదు. కోర్టు తీర్పుల నుంచి పెరిగిన సూత్రాల మీదే పరిహారపు దావాలు నడుస్తున్నాయి. ఈ వ్యాసం ఆ చట్టం స్వరూపాన్ని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది నడిచిన తీరును, ముఖ్యంగా కడప జిల్లాకు సంబంధించిన అంశాలను వివరిస్తుంది.

పదం, భావన

తెలుగులో పరువు, ప్రతిష్ఠ, మర్యాద, మానం దగ్గరి మాటలే అయినా ఒకటి కావు. మర్యాద ఎదుటివారు ఇచ్చేది. మానం అన్న మాట వాడుకలో చాలావరకు స్త్రీ శీలం వైపు ఒరిగింది. పరువు మాత్రం పోయేది, తీసేది, నిలబెట్టుకునేది. చట్టానికి కావలసిన అర్థానికి ఈ మాటే అన్నిటికన్నా దగ్గరగా ఉంది. ఎందుకంటే పరువు ఉండేది దాని యజమాని దగ్గర కాదు, ఇతరుల మనసుల్లో. నాలుగు గోడల మధ్య ఒకరు మరొకరిని ముఖం మీదే ఎంత మాట అన్నా, వినేవారు లేకపోతే అది అవమానం అవుతుంది గానీ పరువు నష్టం కాదు. అదే మాట ఉత్తరంలో రాసి అన్నకు పంపినా, వీధి అరుగు మీద కూర్చున్న ఇద్దరికి చెప్పినా, ఫోనులో పదిమందికి చేరవేసినా నేరం మొదలవుతుంది. న్యాయ పరిభాషలో దీన్ని ప్రచురణ అంటారు. పత్రికలో అచ్చు కావడం అని దీని అర్థం కాదు, మూడో మనిషికి చేరడం అని. ఈ చట్టంలోని చిక్కుముళ్ళలో ఎక్కువ భాగం ఆ మూడో మనిషి చుట్టూనే ఉంటాయి. అతను ఎవరు, ఏమని అర్థం చేసుకున్నాడు, విన్నాక అతని దృష్టిలో ఏం మారింది అన్నవే కోర్టు అడిగే ప్రశ్నలు.

చరిత్ర

ప్రాచీన ధర్మశాస్త్రాలు వ్యాజ్యాలను పద్దెనిమిది రకాలుగా విభజించాయి. వాటిలో మాటతో చేసే హింస ఒకటి. దానికి వాక్పారుష్యం అని పేరు. కౌటిల్యుని అర్థశాస్త్రం దీనికి ఒక అధ్యాయాన్నే కేటాయించింది. అంగవైకల్యాన్ని ఎత్తిచూపే మాట నిజమైతే మూడు పణాలు, అబద్ధమైతే ఆరు పణాలు జరిమానా. గుడ్డివాణ్ణి పట్టుకుని అందమైన కళ్ళున్నాయని మెచ్చుకున్నట్టు ఎగతాళి చేస్తే పన్నెండు పణాలు. నిజమని తేలినంత మాత్రాన నిందించినవాడు పూర్తిగా బయటపడడన్న ఆలోచన, వ్యాజస్తుతి కూడా నిందే అన్న ఆలోచన ఇందులో కనిపిస్తాయి. ఈ రెండూ నేటి 356వ సెక్షన్‌లోనూ ఉండటం గమనించదగిన సంగతి. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో, తిక్కన కాలంవాడైన కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ విధంగా వ్యవహార ధర్మం తెలుగులో చదువుకోదగిన విషయమైంది.

పల్లెల్లో ఈ తగాదాలు రచ్చబండ మీద తేలేవి. పెద్దమనుషుల ఎదుట తప్పు ఒప్పుకోవడం, తప్పు కట్టడం, గుడిలో ప్రమాణం చేయడం అప్పటి పరిహారాలు. వీటన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. నింద నలుగురిలో పడింది కనుక, దాన్ని వెనక్కు తీసుకోవడమూ నలుగురిలోనే జరగాలి.

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. 1808లో వాటిలోని కడప ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. కంపెనీ కోర్టులతో పాటే ఆంగ్లేయ న్యాయ సూత్రాలూ వచ్చాయి. మెకాలే నాయకత్వంలోని తొలి లా కమిషన్ 1837లో ముసాయిదా సిద్ధం చేసిన శిక్షాస్మృతి 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఇంగ్లండులో రాసిన నిందకు, పలికిన నిందకు మధ్య పెద్ద తేడా ఉండేది. నోటిమాటతో చేసిన నిందకు, ఫలానా నష్టం జరిగిందని రుజువు చేస్తే తప్ప, సాధారణంగా పరిహారం దక్కేది కాదు. శిక్షాస్మృతి ఆ తేడాను పాటించలేదు. పౌర దావాల విషయంలో మద్రాసు హైకోర్టు 1884లో పార్వతి వర్సెస్ మన్నార్ కేసులో అదే బాట పట్టింది. ఒక స్త్రీ శీలం మీద వేసిన నోటి నిందకు, డబ్బు నష్టం చూపకపోయినా, పరిహారం ఇవ్వవచ్చని తేల్చింది. కడప జిల్లా అప్పట్లో ఆ హైకోర్టు పరిధిలోదే. రాతకన్నా మాటే ఎక్కువగా చెల్లిన సమాజానికి ఆ తీర్పు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

తెలుగు పత్రికారంగం ఈ చట్టం నీడలోనే ఎదిగింది. కందుకూరి వీరేశలింగం 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధని అధికారుల లంచగొండితనాన్ని పేర్లు తెలిసేట్టు ఎండగట్టింది. బయట పెట్టడానికీ పరువు తీయడానికీ మధ్య హద్దు ఎక్కడన్న ప్రశ్న అప్పటి నుంచీ తెలుగు సంపాదకుల బల్ల మీద ఉంది.

నేరంగా పరువు నష్టం

మాటతో, రాతతో, సైగతో, బొమ్మతో ఒకరి పరువుకు హాని చేయాలన్న ఉద్దేశంతో గానీ, హాని కలుగుతుందని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ నింద మోపితే 356వ సెక్షన్ వర్తిస్తుంది. శిక్ష రెండేళ్ళ వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వీటికి ప్రత్యామ్నాయంగా సమాజ సేవను కొత్త సంహిత చేర్చింది. పరువు తీసేదని తెలిసి అచ్చు వేయడం, అమ్మడం కూడా నేరాలే.

సెక్షన్‌కు నాలుగు వివరణలున్నాయి. మొదటిది మృతుల గురించి, రెండోది కంపెనీలు, సంఘాల గురించి, మూడోది వ్యంగ్యం గురించి. నాలుగోది అన్నిటికన్నా కీలకం. ఇతరుల దృష్టిలో ఒకరి నైతిక లేదా బౌద్ధిక స్థాయిని, కులం లేదా వృత్తి రీత్యా ఉన్న గౌరవాన్ని, పరపతిని తగ్గించినప్పుడే, లేదా శరీరం అసహ్యకరమైన స్థితిలో ఉందని నమ్మించినప్పుడే పరువుకు హాని కలిగినట్టు లెక్క. నొచ్చుకున్న మనసు ఒక్కటే సరిపోదు.

ఈ నేరానికి పోలీసు స్టేషన్‌లో ఎఫ్.ఐ.ఆర్. ఉండదు. ఇది పోలీసులు తమంతట తాము కేసు కట్టే నేరం కాదు, బెయిలు దొరికే నేరం, ఇరుపక్షాలూ రాజీ పడదగిన నేరం. పరువు పోయిందనుకున్న మనిషి స్వయంగా మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు దాఖలు చేయాలి. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాసులు అక్కడి కోర్టుల్లోనే ఆ పని చేయవచ్చు. గడువు మూడేళ్ళు. వాడిన మాటలు వాడినట్టే ఫిర్యాదులో రాయాలి. యాస, సామెత, ఎత్తిపొడుపు ఉన్నచోట వాటికి స్థానికంగా ఏం అర్థం వస్తుందో సాక్షులతో చెప్పించాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం, కేసును విచారణకు స్వీకరించే ముందే నిందితుడి వాదన వినడం మేజిస్ట్రేటుకు ఇప్పుడు తప్పనిసరి. పాత నేర విచారణ స్మృతిలో ఈ అవకాశం లేదు. మంత్రులు, ప్రభుత్వ ఉద్యోగులపై వారి విధులకు సంబంధించి నింద వస్తే, ప్రభుత్వ అనుమతితో పబ్లిక్ ప్రాసిక్యూటరే ఆరు నెలల్లోగా సెషన్స్ కోర్టులో ఫిర్యాదు చేసే మార్గం కూడా ఉంది.

పౌర దావా

పరిహారం కోరే దావాకు గడువు మూడేళ్ళు కాదు, 1963 కాలపరిమితి చట్టం ప్రకారం ఒక్క ఏడాదే. నోటీసులు ఇచ్చిపుచ్చుకోవడంలోనే ఆ ఏడాది కరిగిపోయి దావా హక్కు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. నింద చేరినచోట గానీ, ప్రతివాది నివసించేచోట గానీ దావా వేయవచ్చు. కోర్టు ఫీజు అడిగిన పరిహారాన్ని బట్టి ఉంటుంది కనుక, కోట్లలో పరిహారం అడగడం మాట అన్నంత తేలిక కాదు. వాది మూడు విషయాలు చూపాలి: మాట పరువు తగ్గించేదని, అది తన గురించేనని, మూడో మనిషికి చేరిందని. ఆ తర్వాత బరువు ప్రతివాది మీద పడుతుంది.

పత్రిక విషయంలో, సంచికపై పేరున్న సంపాదకుడే ప్రచురణకు బాధ్యుడన్న భావన 1867 నాటి ముద్రణ చట్టం నుంచి వస్తోంది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2023 చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది.

మినహాయింపులు

356వ సెక్షన్ పది మినహాయింపులు ఇస్తుంది. ప్రజాహితం కోసం చెప్పిన నిజం, ప్రభుత్వోద్యోగి ప్రవర్తనపై సద్భావంతో చేసిన విమర్శ, కోర్టు కార్యకలాపాల నివేదిక, జనం ముందుకు వచ్చిన పుస్తకం, నాటకం, ప్రసంగాల మీద అభిప్రాయం, అధికారం ఉన్నవారికి చేసుకున్న ఫిర్యాదు, తన లేదా ఇతరుల ప్రయోజనం కాపాడుకోవడానికి సద్భావంతో అన్న మాట వీటిలో ముఖ్యమైనవి. తహసీల్దారుకు గ్రామస్థులు ఇచ్చుకున్న అర్జీ, యజమానికి ఉద్యోగి గురించి చెప్పిన హెచ్చరిక ఈ నీడలోకి వస్తాయి.

నిజం విషయంలో రెండు దారులూ విడిపోతాయి. పౌర దావాలో నిజమని రుజువైతే చాలు, ప్రతివాది గెలుస్తాడు. క్రిమినల్ కేసులో నిజమొక్కటే చాలదు, దాన్ని బయట పెట్టడం ప్రజాహితమని కూడా చూపాలి. శాసనసభలో అన్న మాటకు రాజ్యాంగం 194వ అధికరణం పూర్తి రక్షణ ఇస్తుంది. అదే మాటను సభ్యుడు బయటికి వచ్చి మైకు ముందు తిరిగి అంటే ఆ రక్షణ ఉండదు (చూ. శాసనసభా హక్కులు).

వ్యాపార ప్రతిష్ఠ

బంగారు అంగళ్ళకు, బట్టల కొట్లకు పేరుపడ్డ ప్రొద్దుటూరు లాంటి వ్యాపార పట్టణంలో పరపతి అన్న మాటకు రెండర్థాలు: పేరు, అప్పు పుట్టే శక్తి. చట్టంలోని నాలుగో వివరణ కూడా పరపతిని విడిగా పేర్కొంది. ఫలానా కొట్టులో బంగారం కల్తీ అనో, ఫలానా చిట్టీల సంస్థ బోర్డు తిప్పేయబోతోందనో పుట్టిన పుకారు వస్తువులను తాకకుండానే వ్యాపారాన్ని కూల్చగలదు. డిపాజిటుదారులంతా ఒకేసారి డబ్బు వెనక్కు అడిగితే, అంతవరకు గట్టిగా ఉన్న సంస్థ కూడా నిలవలేదు.

వ్యాపార నిందలో మూడు రకాలను వేరుగా చూడాలి. యజమాని మోసగాడన్న మాట అతని పరువుకు సంబంధించింది. కంపెనీ మోసం చేస్తోందన్నది కంపెనీ పరువుకు సంబంధించింది, ఎందుకంటే కంపెనీ చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. సరుకు మంచిది కాదన్న మాట మాత్రం సరుకు నింద. దాని మీద గెలవాలంటే అబద్ధమని, దురుద్దేశమని, నష్టం జరిగిందని వాదే చూపాలి. మా సరుకు అందరికన్నా మేలన్న ప్రకటనలో తప్పు లేదు. పోటీదారు సరుకును పేరుతోనో పోలికతోనో హీనపరిస్తే కోర్టు ఆపుతుంది (చూ. తులనాత్మక ప్రకటనలు, వాణిజ్య చిహ్నాల చట్టం 1999). కొనుగోలుదారు తన అనుభవాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం సద్భావపు మినహాయింపు కిందికి వస్తుంది. ఆ హక్కు లేకపోతే వినియోగదారుల రక్షణకు అర్థమే ఉండదు.

తెలుగు నేల నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వ్యాపార పరువు కేసు విశాఖ ఇండస్ట్రీస్‌ది. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేసే ఈ కంపెనీపై, ఆస్‌బెస్టాస్ నిషేధం కోరే ఉద్యమకారుడొకరు 2008లో రాసిన వ్యాసాలు గూగుల్ సేవలో కనిపించాయి. రచయితతో పాటు గూగుల్ ఇండియాను కూడా చేర్చి కంపెనీ సికిందరాబాద్ మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేసింది. తనపై కేసు కొట్టేయాలన్న గూగుల్ అభ్యర్థనను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2011లో తిరస్కరించింది. 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు కూడా ఆ సంస్థకు ఊరట ఇవ్వలేదు. సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్‌కు 2009 సవరణకు ముందున్న రూపం ఆ చట్టం కింది బాధ్యతల నుంచే మధ్యవర్తికి రక్షణ ఇచ్చింది గానీ శిక్షాస్మృతి కింది నేరం నుంచి కాదని తేల్చి, విచారణ కొనసాగాలంది. ఇతరుల మాట మోసేవాడి బాధ్యత ఎంతన్న ప్రశ్నకు ఇది ముఖ్యమైన తీర్పు. ఫిర్యాదు నుంచి ఈ మాట తేలడానికే పదేళ్ళు పట్టింది.

తెలుగునాట కొన్ని కేసులు

చిరంజీవి రక్తనిధిపై 2011లో చేసిన వ్యాఖ్యల విషయంలో నిర్మాత అల్లు అరవింద్ వేసిన కేసులో, నటులు రాజశేఖర్, జీవితలకు నాంపల్లి కోర్టు 2023 జూలైలో ఏడాది జైలు, జరిమానా విధించింది. అప్పీలు చేసుకోవడానికి వీలుగా బెయిలు ఇచ్చింది. మాట అన్ననాటికీ తీర్పుకూ మధ్య పన్నెండేళ్ళు గడిచాయి.

విశాఖపట్నం విమానాశ్రయంలో చిరుతిళ్ళకు ప్రజాధనం 25 లక్షల రూపాయలు ఖర్చు చేశారంటూ 2019 అక్టోబరులో సాక్షి పత్రికలో వచ్చిన కథనంపై నారా లోకేశ్ 75 కోట్ల రూపాయల పరిహారం కోరుతూ విశాఖపట్నం కోర్టులో దావా వేశారు. తర్వాత మంత్రిగా ఉండి కూడా సాక్ష్యం కోసం ఆయన స్వయంగా కోర్టుకు హాజరయ్యారు. పౌర దావాలో వాది తన పరువును తానే బోనెక్కి నిరూపించుకోవాలన్నది దీనివల్ల చాలామందికి తెలిసింది.

నటుడు నాగార్జున తన కుటుంబం గురించి తెలంగాణ మంత్రి కొండా సురేఖ చేసిన వ్యాఖ్యలపై 2024 అక్టోబరులో నాంపల్లి కోర్టులో కొత్త సంహిత కింద ఫిర్యాదు చేశారు. 2025 నవంబరులో మంత్రి బహిరంగంగా విచారం తెలపడంతో దాన్ని ఉపసంహరించుకున్నారు. పరువు కేసు విచారం తెలపడంతో ముగియడం కొత్త కాదు. నలుగురిలో అన్న మాటను నలుగురిలో వెనక్కు తీసుకోవడమే చాలామంది ఫిర్యాదీలు నిజంగా కోరేది.

ముందస్తు నిషేధం: కడప ఉత్తర్వు

నింద జరిగాక పరిహారం ఇవ్వడం ఒకటి, మాట రాకముందే నోరు కట్టడం వేరొకటి. రెండోదానికి కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. ఈ భేదం కడప జిల్లాలోనే పరీక్షకు వచ్చింది.

మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి 2019 మార్చి 15న పులివెందులలోని తన ఇంట్లో హత్యకు గురయ్యారు. 2024 ఎన్నికల ప్రచారంలో ఈ కేసును ప్రతిపక్ష నాయకులు పదే పదే ప్రస్తావించారు. దీనివల్ల తమ పార్టీ పరువు పోతోందంటూ వైఎస్సార్ కాంగ్రెస్ జిల్లా అధ్యక్షుడు కడప జిల్లా కోర్టులో దావా వేశారు. హత్య విషయం మాట్లాడరాదని కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షురాలు షర్మిల, వివేకానందరెడ్డి కూతురు సునీత, తెలుగుదేశం అధినేత చంద్రబాబు నాయుడు తదితరులను కోర్టు ఏప్రిల్ 16న మధ్యంతర ఉత్తర్వుతో ఆదేశించింది. అది ఎదుటిపక్షం వాదన వినకుండా ఇచ్చిన ఉత్తర్వు. హైకోర్టులో ఊరట దొరకలేదు. మే 17న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. రాష్ట్రంలో పోలింగు మే 13నే ముగిసిపోయింది. ఎన్నికల వేళ నాలుగు వారాల మౌనం ఎంత బరువైనదో ఈ తేదీలే చెబుతాయి. ఒకవైపు నేరం ఇంకా రుజువు కాని మనుషుల పరువు, మరోవైపు ఓటరు వినవలసిన చర్చ. రెండూ చిన్న విషయాలు కావు.

దానికి కొద్దిగా ముందే, 2024 మార్చి 22న, బ్లూమ్‌బర్గ్, జీ సంస్థల మధ్య వివాదంలో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని చెప్పింది. విచారణ జరగకుండా వార్తా కథనాన్ని ఆపించే ఉత్తర్వులు అరుదుగా మాత్రమే ఇవ్వాలని, అవి దావా తేలకముందే మాటకు మరణశిక్ష వంటివి కాగలవని హెచ్చరించింది.

ప్రభుత్వం, ప్రజాధికారులు

ప్రభుత్వానికి పరువు దావా వేసే హక్కు లేదు. 1994లో ఆర్. రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు కేసులో గతంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు ఇది. ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు పరిహారపు దావా వేయలేవు. అధికారులు తమ విధులకు సంబంధించిన విమర్శపై గెలవాలంటే, నిజానిజాలు పట్టించుకోకుండా రాశారని చూపాలి. అమెరికాలో 1964 నాటి న్యూయార్క్ టైమ్స్ కేసు పెట్టిన ప్రమాణానికి ఇది దగ్గరగా ఉంటుంది. ఇందుకు భిన్నంగా, నిరాధార వార్తలపై కేసులు వేసే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 30న జారీ చేసిన 2430వ నంబరు జీవో పత్రికా సంఘాల నుంచి తీవ్ర అభ్యంతరాలు ఎదుర్కొంది.

రాజ్యాంగ వివాదం

మాటకు జైలు శిక్ష ఉండాలా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు 2016 మే 13న సుబ్రమణియన్ స్వామి కేసులో తేల్చింది. ప్రతిష్ఠ 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి, క్రిమినల్ నిబంధనను సమర్థించింది. 2024లో లా కమిషన్ 285వ నివేదిక కూడా దీన్ని ఉంచాలనే సూచించింది. బ్రిటన్ మాత్రం 2009 శాసనంతో ఈ నేరాన్ని రద్దు చేసుకుంది, శ్రీలంక 2002లోనే తొలగించింది.

నిబంధనను సమర్థించేవారు, ఆస్తి లేని నిందకుడి నుంచి పరిహారం రాబట్టలేమని, కోర్టు ఫీజు కట్టలేని పేద ఫిర్యాదికి క్రిమినల్ దారే దిక్కని అంటారు. ఈ వాదనలో బలముంది. వ్యతిరేకించేవారు, దూరపు ఊళ్ళలో వరుసగా కేసులు వేసి వాయిదాలకు తిప్పడమే శిక్షగా మారుతోందని చూపిస్తారు. జిల్లా కేంద్రంలో ఒంటరిగా పనిచేసే విలేకరికి అది నిజంగానే మోయలేని భారం. గరిష్ఠ శిక్ష రెండేళ్ళు, చట్టసభ సభ్యత్వం రద్దుకు కావలసిన కనీస శిక్ష కూడా రెండేళ్ళే కావడంతో ఈ నేరానికి రాజకీయ ప్రాధాన్యం పెరిగింది. రాహుల్ గాంధీకి 2023 మార్చి 23న సూరత్ కోర్టు విధించిన శిక్ష, ఆగస్టులో దోషిత్వంపై సుప్రీంకోర్టు ఇచ్చిన స్టే దీనికి ఉదాహరణ.

సంబంధిత చట్టాలు

కులం పేరుతో నలుగురిలో చేసిన అవమానం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 కిందికి వస్తుంది. స్త్రీ మర్యాదను కించపరిచే మాట, సైగ న్యాయ సంహిత 79వ సెక్షన్ కిందికి వస్తాయి. ఈ రెండింటిలోనూ పోలీసులు నేరుగా కేసు నమోదు చేయవచ్చు. బాధితులు ఏ దారి పట్టాలో తేల్చుకునేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి.

మృతుల ప్రతిష్ఠ

మనిషితో పాటే అతని పరిహారపు హక్కు కూడా ముగుస్తుంది. 1925 వారసత్వ చట్టం 306వ సెక్షన్ ప్రకారం పరువు నష్టపు దావా వారసులకు సంక్రమించదు. క్రిమినల్ చట్టం మాత్రం సన్నని దారి ఉంచింది. బతికి ఉంటే పరువు పోయేటంతటి నింద అయి, అది కుటుంబం లేదా దగ్గరి బంధువుల మనసు గాయపరిచే ఉద్దేశంతో చేసిందయితే నేరమే.

ఈ నియమానికి హద్దు ఎక్కడుందో బ్రహ్మంగారిమఠం ఉదాహరణతో తెలుస్తుంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సజీవ సమాధి పొందిన కందిమల్లాయపల్లెలో, అంటే నేటి బ్రహ్మంగారిమఠంలో, స్వామి వంశ పరంపరే పీఠాన్ని నడుపుతూ వచ్చింది. స్వామి మీద ఎవరైనా నింద వేస్తే, తరాలు దాటిన వంశీకులను దగ్గరి బంధువులనడం కష్టం. భక్తుల మనసు నొప్పించడం ఈ సెక్షన్ కిందికి రాదు. దానికి మత భావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరచడాన్ని శిక్షించే 299వ సెక్షన్ వేరుగా ఉంది. ఇక ఎక్కడ వరద వచ్చినా, ఏ జబ్బు ప్రబలినా బ్రహ్మంగారు అప్పుడే చెప్పారంటూ ఆయన భవిష్యవాణిగా పేరుపడ్డ కాలజ్ఞానంలో లేని మాటలను ఆయనకు అంటగట్టడం తరచూ జరుగుతోంది. అందులో నింద లేదు కనుక పరువు నష్టం చట్టం దాన్ని తాకదు. ఏది స్వామి మాటో, ఏది కాదో తేల్చే పని తాళపత్ర ప్రతులను పోల్చి చూసే పరిష్కర్తలది.